పండుగ పూట పక్షుల కోసం: గణనలు, సంబరాలు, చందాలు

పక్షులను కాపాడటం అటవీశాఖ పనో శాస్త్రవేత్తల పనో అనుకోవడం మనకు అలవాటు. చరిత్ర చూస్తే ఆ పనిలో చాలా భాగం సెలవు రోజుల్లో, మామూలు జనం చేతుల మీదుగా జరిగింది. క్రిస్మస్ నాడు తుపాకులు పక్కనపెట్టి పిట్టలను లెక్కపెట్టినవాళ్లు, చూసిన ప్రతి జాతికీ ఇంత అని చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా చందా రాయించుకున్నవాళ్లు, కొంగకు సీమంతం చేసిన ఆడవాళ్లు, దీపావళికి టపాసుల జోలికి పోని ఊళ్లు ఈ చరిత్రలో ఉన్నారు.

పండుగలకూ పక్షులకూ లంకె కుదరడానికి కారణం కాలం. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులు తమ శీతకాలపు విడుదుల్లో ఉంటాయి. చల్లని దేశాల్లో చెట్లు ఆకులు రాల్చి ఉంటాయి కాబట్టి పిట్ట తేలిగ్గా కళ్లబడుతుంది. జనానికి సెలవులుంటాయి, నలుగురూ కలిసే సందర్భముంటుంది, నాలుగు రూపాయలు ఇచ్చే మనసూ ఉంటుంది. మన వైపు దసరా నుంచి సంక్రాంతి దాకా పండుగలు వరసగా వస్తాయి. సరిగ్గా అప్పుడే దక్షిణాది చెరువుల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టి పిల్లలను సాకుతుంటాయి. అందువల్ల ఒకే పండుగ పక్షికి మేలూ చేయగలదు, కీడూ చేయగలదు.

ప్రపంచంలో ఇలాంటి ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఎంత డబ్బు పోగైందన్నదాని కన్నా, గూడున్న చెట్టు కింద కాపురముండే మనిషికి అందులో ఏం చేరిందన్నదే ఫలితాన్ని నిర్ణయించింది.

టోపీల మీది ఈకలు

19వ శతాబ్దం చివర యూరప్, అమెరికా నగరాల్లో ఆడవాళ్ల టోపీలకు పక్షి ఈకలు తురమడం ఫ్యాషన్. కొన్ని టోపీల మీద పిట్టకు పిట్టనే ఎండబెట్టి కుట్టేవారు. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు న్యూయార్క్ మాన్‌హాటన్ వీధుల్లో నడుస్తూ 700 టోపీలు లెక్కపెడితే, 542 టోపీల మీద ఈకలు కనిపించాయి. అవి 40 జాతుల పక్షులవని ఆయన గుర్తించాడు. తెల్లకొంగలు గూళ్లు కట్టే రోజుల్లోనే వాటి వీపు మీద సన్నని కుచ్చుటీకలు మొలుస్తాయి. వాటి కోసం తల్లి పక్షులను గూటి దగ్గరే కాల్చేవారు. పిల్లలు ఆకలితో చచ్చిపోయేవి.

దీన్ని ఎదిరించిన పోరాటం డ్రాయింగు రూముల్లో మొదలైంది. 1896లో బోస్టన్‌లో హారియట్ హెమెన్వే, ఆమె బంధువు మిన్నా హాల్ కలిసి ఊరి సంపన్నుల పేర్లుండే పుస్తకం ముందేసుకుని, ఈకల టోపీలు పెట్టుకునే స్త్రీల పేర్ల మీద గుర్తులు పెట్టారు. వాళ్లను తేనీటి విందులకు పిలిచి, ఈకలు మానేయమని ఒప్పించారు. సుమారు 900 మంది ఒప్పుకున్నారు. ఆ విందుల్లోంచే మసాచుసెట్స్ ఆడుబాన్ సొసైటీ పుట్టింది. ఇంగ్లండులో ఇదే పనిని 1889లోనే మాంచెస్టర్ దగ్గరి డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ మొదలుపెట్టింది. ఆమె సంఘం దక్షిణాన క్రోయ్‌డన్‌లోని స్త్రీల బృందంతో కలిసి పెరిగి, 1904లో రాజ శాసనం పొంది, నేటి రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అయింది. పక్షి సంరక్షణ సంఘాలకు పునాది వేసింది ఆడవాళ్లేనన్న మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

చందాలు దేనికి వాడారో కూడా గమనించాలి. 1900లో చిత్రకారుడు ఆబట్ థాయర్ విరాళాలు పోగుచేసి, సముద్రతీరంలో పక్షులు గుడ్లు పెట్టే చోట్ల కాపలాదారులకు జీతాలు ఏర్పాటు చేశాడు. ఫ్లోరిడా దక్షిణపు కొసన అలాంటి కాపలా ఉద్యోగంలో 1902లో చేరినవాడు గై బ్రాడ్లీ. జీతం నెలకు 35 డాలర్లు. చిన్నప్పుడు తానూ ఈకల వేటలో పాల్గొన్నవాడే కాబట్టి ఆ మడ అడవుల్లో అతనికి తెలియని కాలువ లేదు. 1905 జూలై 8న పక్షులను కాలుస్తున్న వేటగాళ్లను ఆపబోయి తుపాకీ గుండుకు బలయ్యాడు. అతని చావు అమెరికాను కదిలించింది. ఈకల వ్యాపారానికి అడ్డుకట్ట వేసిన చట్టాలకు అదీ ఒక కారణం.

క్రిస్మస్ గణన

అప్పట్లో అమెరికాలో క్రిస్మస్ నాడు మగవాళ్లు రెండు జట్లుగా విడిపోయి పొలాల మీదా అడవుల మీదా పడేవారు. కనిపించిన పిట్టనల్లా కాల్చేవారు. సాయంత్రానికి ఎవరి కుప్ప పెద్దదైతే వారిది గెలుపు. టోపీలు లెక్కపెట్టిన చాప్‌మన్ అప్పటికి న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పక్షి శాస్త్రవేత్త, ‘బర్డ్ లోర్’ పత్రిక సంపాదకుడు. 1900లో ఆయన ఒక ప్రతిపాదన చేశాడు: పండుగ పోటీ అలాగే ఉండనివ్వండి, చంపడానికి బదులు లెక్కపెట్టండి. ఆ ఏడాది డిసెంబరు 25న 25 చోట్ల 27 మంది లెక్కకు దిగారు. కెనడాలోని టొరంటో నుంచి కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ దాకా అందరూ కలిసి చూసినవి సుమారు 90 జాతులు. జనం ఆచారాన్ని తిట్టకుండా దాని లోపలి సరదాను నిలిపి, గురిని మాత్రం మార్చడంలోనే చాప్‌మన్ తెలివి ఉంది.

ఇప్పుడీ గణన ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 దాకా సాగుతుంది. ఒక్కో స్థానిక బృందానికి 15 మైళ్ల వ్యాసంతో, అంటే సుమారు 24 కిలోమీటర్లతో, ఒక వలయం ఉంటుంది. ఈ గడువులో తమకు వీలైన ఒక రోజును ఎంచుకుని ఆ వలయాన్ని ముక్కలుగా పంచుకుంటారు. కొందరు తెల్లవారకముందే గుడ్లగూబల కూతలు వినడానికి బయలుదేరుతారు. నడవలేని పెద్దవాళ్లు తమ పెరట్లో గింజలు పెట్టిన పళ్లెం దగ్గర కూర్చుని వచ్చిన పిట్టలను రాసుకుంటారు. జాతుల పేర్లు రాస్తే చాలదు, ఒక్కో పిట్టనూ లెక్కపెట్టాలి. చీకటి పడ్డాక అందరూ ఒక ఇంట్లోనో చర్చి హాల్లోనో కలుస్తారు. తలా ఒక వంటకం తెస్తారు. వేడి వేడి గిన్నెల మధ్య లెక్కల బాధ్యుడు జాబితా తీసి ఒక్కో జాతి పేరూ పైకి చదువుతుంటే, ఒక్కో జట్టూ తన అంకె చెబుతుంది. మరెవరికీ కనబడని పిట్ట ఒక్క జట్టుకే కనబడితే గదంతా చప్పట్లు. ఈ రాత్రి భోజనం లేకపోతే ఈ గణన వందేళ్లు దాటి నిలిచేది కాదని నా నమ్మకం.

2012 దాకా గణనలో పాల్గొనేవారు తలా 5 డాలర్లు కట్టేవారు. పత్రికలో ఫలితాలు అచ్చువేయడానికి అది పనికొచ్చేది. ఆ తరువాత రుసుము తీసేశారు. ఆడుబాన్ సొసైటీ శాఖలు ఇప్పుడు ఆ రోజును కొత్త సభ్యులను చేర్చుకోవడానికీ విరాళాలు అడగడానికీ వాడుకుంటున్నాయి. లెక్కల విలువ మాత్రం ఏ చందా కన్నా ఎక్కువ. 1980లలో అమెరికన్ బ్లాక్ డక్ అనే బాతు శీతకాలపు సంఖ్య పడిపోతోందని ఈ గణనే బయటపెట్టింది, వేట మీద ఆంక్షలు వచ్చాయి. 1970 నుంచి ఉత్తర అమెరికా సుమారు 290 కోట్ల పక్షులను పోగొట్టుకుందని 2019లో వెలువడిన అధ్యయనానికి వాడిన సమాచారంలో ఈ పండుగ లెక్కలూ ఉన్నాయి.

బ్రిటన్‌లో దీనికి దగ్గరి బంధువు 1979లో పిల్లల కోసం మొదలైన పెరటి పక్షుల గణన. జనవరి చివరి వారాంతంలో ఒక గంట సేపు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. ఇంటి పిచ్చుక అక్కడ ఎంతగా తగ్గిపోయిందో ఆ దేశపు ఇల్లిల్లూ తెలుసుకున్నది ఇలాంటి గంటల వల్లే.

జాతికింత చొప్పున

నిధుల సేకరణకు అన్నిటికన్నా సరదా అయిన పద్ధతి కెనడాలో పుట్టింది. ఈరీ సరస్సు ఉత్తరపు ఒడ్డున లాంగ్ పాయింట్ అనే ఇసుక దిబ్బ ఉంది. వసంతంలో వలస పక్షులు సరస్సు దాటి వచ్చి అక్కడ వాలతాయి. అక్కడి పక్షి పరిశీలన కేంద్రం 1976లో బర్డథాన్ మొదలుపెట్టింది. పాల్గొనే మనిషి ముందుగా తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి, ‘నేను 24 గంటల్లో చూసే ప్రతి జాతికీ నువ్వెంత ఇస్తావు?’ అని అడుగుతాడు. ఒకరు పావలా అంటారు, ఒకరు డాలర్ అంటారు. తరువాత అతను ఒక రోజు ఎంచుకుని చూడగలిగినన్ని జాతులు చూసి, జాబితా చూపించి వసూలు చేస్తాడు. పోగైన దానిలో కొంత, పాల్గొన్నవారు కోరుకున్న స్థానిక క్లబ్బుకు వెళ్తుంది. చందా ఇచ్చినవాడికి కూడా ఆ రోజంతా ‘ఎన్నయ్యాయి?’ అన్న ఆత్రం ఉంటుంది. ఉత్త రసీదుతో అది రాదు. 1984లో న్యూజెర్సీలో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ బర్డింగ్ దీన్ని జట్ల పోటీగా మార్చింది. మే నెలలో ఒక శనివారం అర్ధరాత్రి నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా సాగుతుంది. మొదటి ఏడాది గెలిచిన జట్టు 201 జాతులు చూసింది. పక్షుల గుర్తింపు పుస్తకాలకు పేరు తెచ్చిన రోజర్ టోరీ పీటర్సన్ ఆ జట్టులో ఉన్నాడు.

చలికాలం ముందు ఆడుబాన్ శాఖలు మరో పని చేస్తాయి. సభ్యుల దగ్గర ఆర్డర్లు తీసుకుని పొద్దుతిరుగుడు గింజల బస్తాలు తెప్పించి అమ్ముతాయి. మిగిలిన లాభం స్థానిక చిత్తడి నేల బాగుకో బడి పిల్లల యాత్రలకో పోతుంది. క్రిస్మస్ కార్డులు, పక్షుల క్యాలెండర్లు, ‘ఒక పక్షిని దత్తత తీసుకోండి’ అనే బహుమతి పత్రాలూ ఈ కోవలోవే. ప్రభుత్వం చేతుల్లో ఉన్నా ప్రజల చందా లాగే పనిచేసేది అమెరికాలోని డక్ స్టాంపు. 1934లో ఒక డాలరుకు మొదలైంది. నీటి పక్షుల వేటగాళ్లు దాన్ని కొని తీరాలి, పక్షి ప్రేమికులు ఇష్టంగా కొంటారు. వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలల కొనుగోలుకే వెళ్తాయి. డబ్బు ఎక్కడికి పోతుందో ఇంత తేటగా చెప్పే పథకాలు అరుదు.

ఇంగ్లండులో రట్లండ్ వాటర్ జలాశయం ఒడ్డున 1989 నుంచి 2019 దాకా ఏటా ఆగస్టులో బర్డ్‌ఫెయిర్ అనే పక్షుల తిరునాళ్ల జరిగింది. దుర్భిణీల దుకాణాలు, పుస్తకాలు, ఉపన్యాసాలు. లాభం ప్రతి ఏడూ ఒక సంరక్షణ పనికి. మొదటి ఏటి డబ్బు మాల్టా ద్వీపంలో వలస పక్షుల ఊచకోతను ఆపే ఉద్యమానికి వెళ్లింది. కరీబియన్ దీవుల్లో 2002 నుంచి ఏప్రిల్ 22 మొదలు ఒక నెల పాటు స్థానిక పక్షుల ఉత్సవం చేస్తున్నారు. అక్కడి సెయింట్ లూసియాలో 1970లలో వంద దాటి ఎక్కువ మిగలని ఒక చిలుక జాతిని, దేశం స్వతంత్రమైన 1979లోనే జాతీయ పక్షిగా ప్రకటించి, పాటలతో, బడి నాటకాలతో ఇంటింటి గర్వంగా చేశారు. ఆ చిలుక ఇవాళా బతికుంది.

కొంగకు సీమంతం

మన దేశంలో ఈ విషయం మీద ఒక్క ఊరి పేరే చెప్పమంటే అస్సాంలోని దాదరా చెబుతాను. గువాహటి దగ్గర కామరూప్ జిల్లాలోని దాదరా, పచారియా, సింగిమారి గ్రామాల్లో ఇళ్ల పెరళ్లలోని ఎత్తైన చెట్ల మీద హర్గిలా అనే పెద్ద కొంగ గూళ్లు కడుతుంది. దాదాపు ఐదడుగుల పక్షి. బట్టతల, మెడ కింద వేలాడే సంచి, చచ్చిన జంతువుల మాంసం తినే అలవాటు. గూటి నుంచి రెట్టలూ కుళ్లిన ముక్కలూ వాకిట్లో పడతాయి, కంపు కొడుతుంది. అపశకునమని కూడా జనం అనుకునేవారు. చెట్టు కొట్టేస్తే పీడ వదులుతుంది కదా అని కొట్టేసేవారు. పీహెచ్‌డీ చేస్తున్న పూర్ణిమా దేవి బర్మన్ అలా కొట్టేసిన ఒక చెట్టు కింద తొమ్మిది పిల్లలు పడి ఉండటం చూసింది. అడగబోతే ఊరివాళ్లు ఆమెనే కసిరారు.

ఆమె పరిశోధన పక్కనపెట్టి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. ముందు పక్షి మాటే ఎత్తలేదు, పిండివంటల పోటీలు పెట్టింది. ఆడవాళ్లు వచ్చాక మాటల్లో హర్గిలా వచ్చింది. తరువాత గూళ్లు కట్టే కాలంలో, గర్భిణికి చేసినట్టే కొంగలకు సీమంతం చేయడం మొదలైంది. పసుపు కుంకుమలు, పాటలు, ప్రసాదం అన్నీ ఉంటాయి. తమ ఇంటి చెట్టు మీది పక్షి పురిటికొచ్చిన ఆడపడుచు అయ్యాక గొడ్డలి ఎవరెత్తుతారు? గూళ్ల కింద వలలు కట్టి, జారిపడ్డ పిల్లలను పట్టి బతికించారు. పదివేల మందికి పైగా స్త్రీలున్న ఈ బృందాన్ని హర్గిలా ఆర్మీ అంటారు.

డబ్బు సంగతి ఇక్కడే ముఖ్యం. బృందంలోని స్త్రీలకు మగ్గాలూ నూలూ సమకూర్చారు. వాళ్లు నేసే గమోసా అనే తువ్వాళ్ల మీద, మేఖలా చాదర్ అనే ఆడవాళ్ల ఉడుపుల మీద ఎర్రంచు పువ్వుల బదులు హర్గిలా బొమ్మ వస్తుంది. అవి అమ్ముడుపోతే ఆదాయం నేసినామెకే. బిహూ పండక్కి గమోసా ఇచ్చిపుచ్చుకోవడం అస్సామీయుల ఆచారం కాబట్టి ఆ కొంగ ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈ మూడు గ్రామాల్లో గూళ్లు 28 నుంచి 250 దాటాయి. అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉన్న హర్గిలాను 2023లో అంత ప్రమాదం లేని వర్గంలోకి మార్చారు. బర్మన్‌కు 2022లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ పురస్కారం వచ్చింది.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరుది ఇదే కోవ కథ, కాకపోతే ఇంకా పాతది. చింతచెట్ల మీద గూడబాతులు గూళ్లు కడితే ఆ ఏడు చింతపండు రాబడి పోయినట్టే. 1976లో అటవీ అధికారి ఎస్.జి. నెగిన్‌హాళ్ ఆ ఊరిని వెలుగులోకి తెచ్చాక, గూళ్లున్న చెట్ల యజమానులకు పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది. 2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వు అయింది.

అరుణాచల్ ప్రదేశ్ పక్కె పులుల అభయారణ్యం చుట్టుపక్కల 2011-12లో మొదలైన గూళ్ల దత్తత పథకం మరో దారి చూపింది. హార్న్‌బిల్ ఆడపక్షి చెట్టు తొర్రలో కూర్చుని, సన్నని చీలిక వదిలి తలుపు మూసేసుకుంటుంది. మగపక్షి నెలల తరబడి అత్తిపళ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపక్షిని వేటగాడు కొడితే తొర్రలోని తల్లీ పిల్లలూ ప్రాణాలతో మిగలడం కష్టం. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, నిషి తెగ పెద్దల సంఘం, అటవీశాఖ కలిసి నడిపే ఈ పథకంలో నగరవాసులు ఒక గూటిని దత్తత తీసుకుని డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో ఒకప్పటి వేటగాళ్లతో సహా స్థానికులే గూటి కాపలాదారులవుతారు. తమ గూటిలో ఏం జరిగిందో దాతలకు కబురు అందుతుంది. బ్రాడ్లీ జీతానికీ ఈ జీతానికీ మధ్య వందేళ్లు గడిచినా సూత్రం ఒకటే.

తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షి కేంద్రం పక్కనున్న కొళ్లుకుడిపట్టి వాసులు కొన్ని దశాబ్దాలుగా దీపావళికి టపాసులు కాల్చరు. పిల్లలు మారాం చేయరా అంటే, చేస్తారు. అటవీశాఖ వాళ్లు పండక్కి ఊరంతటికీ మిఠాయి పంచుతారు. ఇక్కడ చేతులు మారే డబ్బు చాలా తక్కువ, దక్కే గౌరవం ఎక్కువ.

పండుగ చేసే కీడు

సంక్రాంతి గాలిపటాల దారం సంగతి హైదరాబాద్ వాళ్లకు చెప్పనక్కరలేదు. గాజు పొడి పట్టించిన నైలాన్ మాంజా తెగదు, కుళ్లదు. పండుగ అయిపోయాక కూడా చెట్ల కొమ్మలకూ కరెంటు తీగలకూ నెలల తరబడి వేలాడుతుంది. గద్దల రెక్కలు అందులో చిక్కుకుని, పెనుగులాడేకొద్దీ ఎముక దాకా కోసుకుపోతాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లో, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దీన్ని నిషేధించాయి. అయినా జనవరి వచ్చిందంటే దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. పక్షులు గూళ్లు విడిచే తెల్లవారుజామునా, తిరిగొచ్చే పొద్దువాలే వేళా గాలిపటం దించేయడమే అన్నిటికన్నా తేలికైన మేలు. గుజరాత్‌లో 2017 నుంచి ఏటా జనవరిలో కరుణా అభియాన్ పేరుతో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, పశువైద్యులు కలిసి గాయపడ్డ పక్షుల శిబిరాలు నడుపుతున్నారు. తెలుగు నగరాల్లోనూ యువకులు పొడవాటి గడకర్రలు, తాళ్లు, అట్టపెట్టెలు పట్టుకుని తిరుగుతారు. వాళ్లకు సంక్రాంతి వారంలోనే డబ్బు అవసరం, ఇచ్చేవాళ్లకు మాత్రం పండుగ దాటాక గుర్తొస్తుంది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలంగాణలో గట్టి నమ్మకం. జమ్మి చెట్టు దాకా నడిచి వెళ్తూ తీగల మీద, పొలం గట్ల మీద వెతుక్కుంటూ చూడటం అసలు ఆచారం. తరువాత కొందరు పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి చూపించి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక పాలపిట్ట వేగంగా తగ్గుతోందని హెచ్చరించింది. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. పంజరంలోని పాలపిట్టకు పది రూపాయలు ఇచ్చే చేయి, తెలియకుండానే మరుసటి ఏడాది ఇంకో పిట్టను పట్టిస్తోంది. పుణ్యం కోసం పంజరం పిట్టలను కొని వదిలేవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది. అక్టోబరు 2 నుంచి 8 దాకా జరిగే వన్యప్రాణి వారోత్సవాలు చాలాసార్లు దసరా చుట్టుపక్కలే వస్తాయి. బడి పిల్లలను పొద్దున్నే ఊరి బయటికి తీసుకెళ్లి, ఎగిరే పాలపిట్టను చూపించడానికి అంతకన్నా మంచి అదను దొరకదు.

తెలుగు నేల మీద

సంక్రాంతి చుట్టుపక్కల సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ తెలుగువారికున్న పెద్ద పక్షుల పండుగ. 2001లో మొదలైంది. 2020 తరువాత ఆగి, 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు జరిగింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఇరుపక్కలా మోకాలి లోతు ఉప్పునీటిలో రాజహంసలు వంచిన ముక్కుతో బురదను జల్లెడపడుతూ నడుస్తుంటాయి. సమీపంలోని నేలపట్టులో చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికొస్తుందని చుట్టుపక్కల రైతులకు తెలుసు. పక్షి మీద వాళ్ల ప్రేమకు ఆ పంట కూడా ఒక కారణం.

ఈ పండుగ ప్రధానంగా ప్రభుత్వం నడిపేది. బస్సుల్లో వచ్చిన పిల్లలు మొదటిసారి దుర్భిణిలోంచి గూడబాతు పిల్లను చూసి కేరింతలు కొట్టడం ఒక్కటి చాలు, దాన్ని కొనసాగించాలనడానికి. అయితే వేదికల మీది ఖర్చులో కొంత భాగాన్నయినా ఏడాది పొడవునా పనిచేసే స్థానిక గైడ్లకూ, పడవవాళ్లకూ, గూళ్ల కాపలాకూ కేటాయిస్తే పండుగ విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. గూళ్లున్న చోటికీ జనానికీ, మైకులకూ మధ్య తగినంత దూరం ఉండటం కూడా అంతే అవసరం. బెదిరిన తల్లి గూడు వదిలితే ఎండలో పిల్లలు తట్టుకోలేవు.

పండుగలూ వేదికలూ లేకుండానే పక్షులను కాచుకుంటున్న ఊళ్లు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దిగుతాయి, ఊరు వాటిని అతిథులుగా చూస్తుంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు వస్తే వానలు బాగా పడతాయని నమ్మకం. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో చెరువు చిన్నది, పక్షులు వేలు. చెట్లు చాలకపోతే ఇనుప చట్రాలు నిలబెట్టి గూళ్లకు చోటు చేశారు. ఈ ఊళ్లవాళ్లకు పెద్ద మొత్తాలు అక్కర్లేదు. ఎండాకాలంలో చెరువుకు నీళ్లు, గాలివానకు పడిపోయిన పిల్లలకు వైద్యం, కొట్టేయకుండా ఉంచిన చెట్టుకు ఇంత పరిహారం చాలు.

గణనలు మన వైపు బాగా పెరిగాయి. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది, కోరింగ మడ అడవుల్లో ఏటా సాగుతోంది. 2015 నుంచి తమిళనాడులో పొంగల్ పక్షుల గణన జరుగుతోంది, కేరళలో ఓణానికీ, అస్సాంలో బిహూకీ ఇలాంటివే ఉన్నాయి. ఫిబ్రవరిలో వచ్చే మరో పెరటి పక్షుల గణనలో తెలుగు రాష్ట్రాల కళాశాలలు పాల్గొంటున్నాయి. హైదరాబాద్‌లో 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ, నేటి డెక్కన్ బర్డర్స్, ఆదివారాలు కొత్తవారిని వెంటబెట్టుకుని చెరువుల దగ్గరికి తీసుకెళ్తుంది. 2023 భారత పక్షుల స్థితి నివేదికకు ఆధారం సుమారు 30,000 మంది మామూలు పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 204 తగ్గాయని అందులో తేలింది.

నిధుల సేకరణకు మన దగ్గరే ఒక అందమైన వస్తువుంది. కోస్తా జిల్లాల్లో కొత్త పంట ఇంటికొచ్చే సంక్రాంతికి వరి కంకులను కాడలతో సహా జడలా అల్లి, కుచ్చులుగా కట్టి, ఇంటి చూరుకూ గుడి మండపానికీ వేలాడదీస్తారు. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకుంటాయి. అల్లిక తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, అపార్ట్‌మెంట్ల వాళ్లు మాత్రం ఇవి దొరికితే కొంటారు. అమెరికాలోని ఆడుబాన్ శాఖలు గింజల బస్తాలు అమ్మినట్టు, పక్షులను కాస్తున్న ఊళ్ల ఆడవాళ్లతో కుచ్చులు అల్లించి అమ్మితే ఆ ఆదాయం నేరుగా వాళ్ల ఇళ్లకే చేరుతుంది.

డబ్బు, చట్టం

చందా పోగుచేసే బృందం సొసైటీగానో ట్రస్టుగానో నమోదై, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు తెచ్చుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు మినహాయింపు దొరుకుతుంది. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి అది వర్తించదు కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. విదేశాల్లోని తెలుగువారి విషయంలో ఒక తేడా ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికానో మరో దేశమో పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, సొంత ఊరి చెరువు కోసమైనా సరే, అది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందకు వస్తుంది. ఆ చట్టం కింద నమోదైన సంస్థకే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే అందాలి. పండుగ హడావుడిలో డబ్బు పంపాక ఈ విషయం తెలిసి ఇబ్బంది పడటం కన్నా ముందే సంస్థను అడగడం మంచిది.

పంచాయతీలకు కూడా ఒక మార్గం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, దానికి స్థానిక జీవవైవిధ్య నిధి ఉండవచ్చు. ఊళ్లో పక్షుల చెట్లున్న పంచాయతీ ఆ నిధి తెరిస్తే, పండక్కి ఊరికొచ్చిన ఉద్యోగస్తులు ఇచ్చే డబ్బు అందులో జమచేసి, గూళ్ల చెట్ల పరిహారానికీ చెరువు పూడికతీతకూ వాడి, లెక్కను గ్రామసభలో చదివి వినిపించవచ్చు.